కర్రెగాని సాక్ష్యం

తార్నాకల కాశమ్మ ఉండే గల్లీకి ఎవరు సంచి పట్టుకొని వచ్చినా, ఆ సంచి దింపకముందే అందుల ఏమున్నదో ఆమెకు తెలియాలె. లేకుంటే తిన్నది అరగదు. ఆమె మొగడు ఉప్పలయ్య యూనివర్సిటీ ల్యాబుల అటెండరు. "నువ్వు పోలీసు డిపార్ట్‌మెంటుల ఉండాల్సినదానివి, నా ఖర్మకు నాకు దొరికినవ్" అని నవ్వేటోడు.

అసొంటి ఇంట్ల వెనక అర్ర కిరాయికి తీసుకున్నది మహేశ్వరి. జనగామ దిక్కు రైతుల బిడ్డ, యూనివర్సిటీల రీసెర్చి చేస్తున్నది. వచ్చిన రెండో నాడే "పెద్దమ్మా" అని పిలిచింది. బిడ్డలు లేని కాశమ్మకు ఆ పిలుపు నేరుగ పోయి కడుపుల కూసున్నది.

తొంభై ఆరు ఎండకాలం. ఒకనాడు మహేశ్వరి ఒక డబ్బా తెచ్చింది. మూత తీస్తే మరమరాల లెక్క తేలికైన తునకలు, మట్టి రంగువి.

"ఏందే ఇది?"

"కుక్కల తిండి పెద్దమ్మా. మెత్తటి మాంసం, కార్జం, గుడ్డు, అన్నం. ఉడికించి, మంచు లెక్క గడ్డ కట్టించి, ఆ చలిలనే మిషన్ల పెడితే, నీళ్లన్నీ ఆవిరై పోతయి. ఏడాదైనా చెడిపోదు. పెట్టేటప్పుడు గోరువెచ్చని నీళ్లల్ల నానబెట్టాలె."

"ఎండల ఎండుడు ఎరుకే. మేము వొట్టి తునకలు చేస్తలేమా, పసుపు ఉప్పు రాసి దండెం మీదేసి. చలిల ఎండుడేందే?" అని ఒక తునక నోట్లె ఏసుకున్నది కాశమ్మ. మహేశ్వరి "అయ్యో" అనేలోపలనే నమిలేసింది. "ఉప్పు లేదు, కారం లేదు. ఇది తిండి గాదు బిడ్డా, శిక్ష."

అయినా మహేశ్వరి అడిగిన దానికి ఒప్పుకున్నది. కాశమ్మ ఇంటి ముందర ఒక కుక్క ఉండేది, బొగ్గు లెక్క నలుపు, పేరు కర్రెగాడు. రెండు నెలలు వానికి ఈ తిండి, మంచినీళ్లు, ఇంకేమీ పెట్టొద్దు. అట్ల పెట్టి చూస్తేనే ఈ తిండిల బలమెంత ఉన్నదో తెలుస్తది. ఆమె రీసెర్చి చూసే గైడు సారు అచ్యుతరామయ్య వానకాలానికి రిటైర్ అయితున్నడు. ఆయన ఉండంగనే పరీక్ష ఒడవాలె. లేకుంటే కొత్త సారు చేతుల పడి, మహేశ్వరి చదువు మొదటికొస్తది.

"నీ చదువు నా చేతుల వెట్టినట్టే అనుకో" అన్నది కాశమ్మ.

ఆ చెయ్యే మాట తప్పింది.

ఆ ఇంట్ల అన్నం ముందర కూసుంటే మొదటి ముద్ద కుక్కకు తీయాలె. అత్త నేర్పిన పద్ధతి. కుక్క ముద్ద తీయనింట్ల అన్నం ఒంటికి పట్టదని ఆమె మాట. పరీక్ష మొదలైనంక కొన్నాళ్లు కాశమ్మ తలుపు దగ్గరికేసుకొని తిన్నది. కర్రెగాడు మహేశ్వరి పెట్టింది తినేటోడే గాని, తలుపు సందుల ముక్కు పెట్టి కూసుండేటోడు. వాడు బక్కగయిండు, వెంట్రుకలు రాలవట్టినయి, ఒంటి నిగనిగ పోయింది. పొద్దంతా వాన్ని చూసే కాశమ్మకే అది ముందుగాల కనవడ్డది. ఒక ఐతారం నాడు తునకల కూర వండింది. ముద్ద కలిపింది. చెయ్యి దానంతట అదే గడప దాటింది. ఆ ముద్ద ఎనుక మూలుగున్న నల్లి బొక్క కూడ పోయింది.

ఇగ రోజూ అంతే. అన్నం, మజ్జిగ, మటన్ దుకానంల పారేసే బొక్కలు తెచ్చి పొద్దంతా ఉడికించిన చారు. మహేశ్వరి క్యాంపస్‌కు పోయినంక గిన్నె కడిగి బోర్లించేది.

నెల తిరిగేసరికి కర్రెగాడు నిగనిగలాడిండు. మహేశ్వరి వాన్ని తూకమేసి, సంబరంగ కాశమ్మను పట్టుకొని తిప్పింది. "చూసినవా పెద్దమ్మా! మంచి తిండి!"

కాశమ్మ నవ్వి, బోర్లించిన గిన్నెను మల్ల ఒకపారి సర్దింది. చెప్తే పిల్ల మొకం ఎట్లయితదో అనుకున్నది. కుక్క బాగనే ఉన్నది గదా, ఎవరికేం నష్టం అనుకున్నది. అట్ల అనుకుంటనే రోజులు గడిచినయి.

నష్టం క్యాంపస్ క్వార్టర్లల్ల ఉన్నది. అచ్యుతరామయ్య సారు ఇంట్ల ఒక కుక్కపిల్ల ఉన్నది. కర్రెగాని సంగతి విని, సారు దానికి కూడ ఈ తిండే పెట్టిచ్చుడు మొదలుపెట్టిండు. డబ్బాలు ఉప్పలయ్యే మోసుకపోయేటోడు. ఒకనాడు ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంట అన్నడు: "సారు కుక్కపిల్ల నిలవడ్తలేదే. ముంగటి కాళ్లు వంకరయినయి. ముట్టుకుంటే అరుస్తది."

కాశమ్మ చేతుల చాట అట్లనే ఆగిపోయింది. "అది ఏం తింటున్నది?"

"ఇంకేం తింటది? ఆ డబ్బా తిండే. సారుకు అదంటే మస్తు నమ్మకం."

ఆ రాత్రంతా ఆమెకు కన్ను అంటలే. తెల్లారంగనే కరివేపాకు కట్ట ఒకటి పట్టుకున్నది. ఉత్త చేతులతోని ఎట్ల పోవాలె అని. తార్నాక గేటు దాటి, క్యాంపస్ చెట్ల కింద నడుచుకుంట సారు ఇంటికి పోయింది. వరండాల మహేశ్వరి మోకాళ్ల మీద కూసొని, కుక్కపిల్ల ముందర నానిన తిండి పెడుతున్నది. అది తింటలేదు. కాళ్లు రెండు దిక్కులా జారిపోతున్నయి.

"రా కాశమ్మా," అన్నడు సారు. మహేశ్వరి దిక్కు తిరిగి, "తిండిలో లోపం లేదమ్మా. లోపం ఉంటే వీళ్ల నల్లకుక్క అంత బాగా ఎలా ఉంటుంది? ఆ కుక్కే మనకు సాక్ష్యం. ఇదేదో వేరే జబ్బు. తిండి మాత్రం మానొద్దు" అన్నడు.

మానొద్దు అన్న మాట ఇన్నది కాశమ్మ. కరివేపాకు కట్ట వరండా గోడ మీద పెట్టింది.

"సారూ, కర్రెగాడు అబద్ధపు సాక్ష్యం చెప్పిండు. చెప్పించింది నేను."

మహేశ్వరి తల ఎత్తింది. "ఏమంటున్నవ్ పెద్దమ్మా?"

"వాడు బక్కగయితుంటే చూడలేక వానికి నేను పెట్టిన బిడ్డా. రోజూ పెట్టిన. అన్నం, మజ్జిగ, బొక్కల చారు."

సారు కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకున్నడు. "బొక్కలా?" అన్నడు మెల్లగ. "మనం మెత్తటి మాంసం ఏరి మరీ తెప్పించాం మహేశ్వరీ. ఎముక ఒక్కటి కూడా పడలేదు."

కుక్కపిల్లను చూసిన పశువుల డాక్టరు ఆ మాటే అన్నడు. తిండిల మాంసకృత్తులకు తక్కువ లేదు, బొక్కలను గట్టి చేసే సున్నం, కాల్షియమే లేదు. పెరిగే కుక్కపిల్ల, ఒంటికి కావాల్సిన సున్నం తన బొక్కల నుంచే గుంజుకున్నది. మందిస్తే బతుకుతది గాని, ఒక కాలు వంకరగనే ఉండిపోవచ్చు.

తిరిగొచ్చేటప్పుడు మహేశ్వరి ముంగట నడిచింది, కాశమ్మ ఎనుక. సగం తొవ్వల మహేశ్వరి గిర్రున తిరిగింది.

"వాడు బక్కగయిండంటే నాకు ఒక్క మాట చెప్పొద్దా? అప్పుడే ఆపేద్దుము. ఆ కుక్కపిల్ల కాళ్లు బాగుండు. మీకు చెయ్యి ఆగలేదు, సరే. నోరన్నా ఆగకుండ ఉండొద్దా? గల్లీల అందరి ముచ్చట్లు చెప్తరు, ఇదొక్కటే దాచిన్రా?"

పొద్దున లేస్తే ఊరి సంగతులన్నీ అడిగే మనిషి, తొవ్వ పొడుగునా ఒక్క మాట అడగలే. పిల్ల నోట్లె "నువ్వు" పోయి "మీరు" వచ్చిందని మాత్రం తెలిసింది.

మల్ల మొదటికొచ్చింది పని. బొక్కల పొడి కలిపి కొత్త తిండి చేసింది మహేశ్వరి. సారు రిటైరయ్యేలోపల ఒడుస్తదో ఒడవదో ఎవరికీ తెల్వదు. పరీక్షకు కుక్క కావాలె, ఆమె ఎవర్నీ అడగలే. డబ్బా పట్టుకొని గడపల నిలవడ్డది, అంతే.

కాశమ్మే కర్రెగాని మెడకు తాడు కట్టింది. "ల్యాబు ఎనుక షెడ్డుల కట్టేయ్. మా ఆయన చూసుకుంటడు, ఆయన చెయ్యి కట్టె లెక్క గట్టిది. నా చెయ్యి నా మాట ఇనది. బక్కగయితే ఆయన చెప్తడు నీకు. నేను అటు దిక్కు రాను."

మహేశ్వరి తాడు అందుకున్నది. "సరే ఆంటీ."

ఆంటీ. పక్కింటోళ్లను, దుకానమామెను, అందర్నీ పిలిచే పిలుపు.

ఆ పగటీలి కాశమ్మ అన్నం ముందర కూసున్నది. ముద్ద తీసినంక గాని యాదికి రాలే, గడప అవతల ఎవరూ లేరని. ఆ ముద్ద తినబుద్ధి కాలే, పారేయ బుద్ధి కాలే. కంచం అంచుకు పెట్టింది.

మాపటీలి ఉప్పలయ్య వచ్చిండు. "తిన్నడు నీ కర్రెగాడు" అన్నడు అడగకముందే.

"నా గురించి అడిగిన్రా?"

"వాడా? గేటు దిక్కే చూస్తున్నడు, నువ్వొస్తవని."

"వాడు గాదయ్యా, మహేశ్వరి."

ఉప్పలయ్య చెంబెడు నీళ్లు తాగి, మూతి తుడుచుకున్నడు. కంచం అంచుకు ఎండిపోయిన ముద్ద దిక్కు చూసిండు.

"పిల్ల గేటు దిక్కు చూడలే" అన్నడు.