తొమ్మిదో చెట్టు

ఈ ఉదయం గోదావరికి ఎర్రనీరు వచ్చింది. గట్టు మీద నిలబడితే పచ్చిమట్టి, కుళ్ళిన రెల్లు కలిసిన వాసన. అది తగలగానే నా తలలో పాత లెక్క మొదలవుతుంది: కొబ్బరిచెట్లు ఇరవై మూడు, గేదెలు రెండు, పెంకుటిల్లు ఒకటి, నుయ్యి ఒకటి, అరటితోట అరెకరం. ఆరేళ్ళ క్రితం వరదలో మా లంక అంచు విరిగి ఏట్లో పడిపోయినప్పుడు, నష్టాల కాగితం మీద నేనే రాసిచ్చిన వరస ఇది. అందులో నా తమ్ముడు రాంబాబు లేడు. మనుషులకి వేరే కాగితం ఉంటుందన్నారు. దాని మీద మా అమ్మ వేలిముద్ర వేసింది.

నేను ఐదో తరగతితో బడి మానేశాను. లెక్క మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. రాజోలు దగ్గర ఒక కొబ్బరి కొట్టులో పని. రాశిని చూసి కాయలెన్నో చెబితే, తరవాత ఎంచినవాళ్ళకి పది కాయలు అటూ ఇటూగా తేలేది. అలాంటివాడికి వరద తరవాత వంద దాటకుండానే లెక్క తప్పిపోయేది. ఎనభై అనేసరికి అంతకుముందు ఏమన్నానో గుర్తుండేది కాదు. మూడోసారి కూడా లారీ సరుకు తప్పుగా వెళ్ళాక యజమాని మెల్లగా అన్నారు: "సత్తిబాబూ, కొన్నాళ్ళు మానెయ్యవయ్యా. కుదుటపడ్డాక కబురెట్టు." అప్పటికి మేం బడి వెనక రేకుల షెడ్డులో తలదాచుకుంటున్నాం. ఆ పని కూడా పోయాక అమ్మకీ నాకూ మిగిలిందేమీ లేదు.

ఆ బడిలో డ్రాయింగు టీచరు సలోమిగారు. యాభై దాటిన పొట్టి మనిషి, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. నోటికి రాని బాధ చేతికి వస్తుందని ఆవిడ నమ్మకం. అందుకోసం కాకినాడ వెళ్ళి శిక్షణ కూడా తీసుకున్నారట. వరదలో అన్నీ పోయినవాళ్ళని శనివారం మధ్యాహ్నాలు వరండాలో కూచోబెట్టి బొమ్మలు వేయించేవారు. ఓ రోజు స్తంభం పక్కన నిలబడి చూస్తున్న నా చేతిలో కూడా కాగితం పెట్టారు.

"నాకు బొమ్మలు రావండీ. లెక్కలే వచ్చు."

"ఆయ్, మరీ మంచిది. పోయిన చెట్లే లెక్కగా వేసి చూపించండి."

స్కేలు పెట్టి రెండు నిలువు గీతలు, పైన ఐదు మట్టలు. అరగంటలో ఇరవై మూడూ అయిపోయాయి. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఇరవై మూడు లేవండీ ఇక్కడ. ఒక్క చెట్టునే ఇరవై మూడు సార్లు వేసేరు."

నాకు ఒళ్ళు మండింది. "చెట్టంటే చెట్టేనండి."

"అలాగా! మీ దింపువాళ్ళు అన్ని చెట్లూ ఒకలాగే ఎక్కేవారేంటి?"

కాయలు దింపేవాళ్ళు నూతి పక్క చెట్టుని తిట్టుకుంటూ ఎక్కేవారు, అది ఏటివైపు అంతగా వంగిపోయి ఉండేది. దొడ్డి వెనకదాని మీద చీమలు. దాని పేరెత్తితే రెండు కాయలు ఎక్కువిమ్మనేవారు. నాకు నవ్వొచ్చింది. వరద తరవాత అదే మొదటిసారి.

వారానికొక చెట్టు వెయ్యాలని నిశ్చయించుకున్నాను. స్కేలు పక్కన పెట్టేశాను. ఎనిమిది వారాలు ఒక్కటీ తప్పలేదు. తొమ్మిదోది గేదెల్ని కట్టేసే చెట్టు. పెన్సిలు కదల్లేదు.

"ఇది వదిలేసి పదోది వేస్తానండి."

ఎందుకని ఆవిడ అడగలేదు. "వదిలెయ్యండి. కాగితం మీద తొమ్మిది అని అంకె వేసి ఖాళీగా ఉంచండి. వరస తప్పకూడదు కదా."

మిగతా పద్నాలుగు చెట్లూ వేశాను. వేసిన ప్రతిసారీ కట్టలో ఆ తెల్లకాగితం కనబడేది. చివరి చెట్టు అయ్యాక, ఎవరికీ చెప్పని మాట ఆవిడకి చెప్పాను.

"నేనే పంపేనండి వాణ్ణి. అమ్మని నేను పడవెక్కిస్తాను, నువ్వెళ్ళి గేదెల్ని విప్పు అన్నాను. గట్టు అక్కడే విరిగింది."

నీ తప్పు లేదని అంటారేమో అనుకున్నాను. ఆవిడ తొమ్మిదో కాగితం తీసి నా ముందు పెట్టారు. "ఎలా వెళ్ళేడో వెయ్యండి. నేనిక్కడే కూచుంటాను."

చెట్టు వచ్చింది. గేదెలు, పలుపు, ముడి మీద వంగిన మనిషి వీపు, చేతులు వచ్చాయి. ఇటు తిరిగి ఉన్న ముఖం మాత్రం రాలేదు.

షెడ్డుకి తీసుకెళ్ళి అమ్మకి చూపించాను. ఆర్నెల్లుగా మా ఇద్దరి మధ్య వాడి పేరే రాలేదు. అమ్మ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! వాడిది ఎడంచెయ్యి వాటం కదరా. కుడిచేత్తో విప్పిస్తున్నావేంటి?"

ఎడంచేత్తో అన్నం తింటున్నాడని వాణ్ణి చిన్నప్పుడు గరిటెతో కొట్టిన సంగతి చెప్పి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"నేనే పంపేనమ్మా," అన్నాను.

"విన్నాన్రా. గుమ్మంలోంచి విన్నాను." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ముందా చెయ్యి మార్చు."

సోమవారం కొట్టుకి వెళ్ళాను. ఆరువందల దగ్గర ఒకసారి తప్పి, మళ్ళీ మొదటినుంచి ఎంచాను. మర్నాడు పన్నెండువందల కాయలు ఎక్కడా ఆగకుండా ఎంచాను. యజమాని మళ్ళీ లెక్కచూసి, "రేపట్నించి వచ్చెయ్," అన్నారు.

సలోమిగారు రెండేళ్ళ క్రితం జబ్బుచేసి పోయారు. ఆఖరిసారి కొత్తపేటలో చూడటానికి వెళ్ళినప్పుడు, మంచం మీంచే, "ముఖం ఎంతవరకూ వచ్చిందండీ?" అని అడిగారు.

"చెవులొచ్చేయండి."

"అయితే వింటున్నాడన్నమాట. కానివ్వండి."

పూర్తిచేస్తానని మాటిచ్చాను. ఆవిడ వరండాలో ఇప్పుడు శనివారాలు నేను కాగితాలు పంచుతున్నాను. వచ్చినవాళ్ళు వేసుకుంటుంటే నాది నేను వేసుకుంటాను. ఇప్పటికి నుదురు వచ్చింది, ముక్కు వచ్చింది, గడ్డం మీద గాటు వచ్చింది. ఆవిడకి నేను ఇంకా బాకీ: రెండు కళ్ళు.