ఆమె ఒడిలో పెట్టిన ఫ్యూజులు

భూకంపం వచ్చిన ఊరికి కరెంటు ఇచ్చింది నేనే. ఇరవై ఏండ్లకు పైగా ఈ మాట చెప్పుకుంట తిరిగిన. మహబూబాబాద్‌ల మా సందు మొగనున్న హోటల్ల చెప్పిన. స్టేషన్ ఘన్‌పూర్‌ల మా పాలోళ్ల పెండ్లిళ్లల్ల, బంతిల కూసున్నోళ్లు లేచిపోకుండ ఆపి మరీ చెప్పిన. మొన్న భూపాలపల్లిల రిటైరైనోళ్లు సభ పెట్టి శాలువ కప్పితే, మైకు దొరికింది గదా అని మళ్ల చెప్పిన. గుడారాల దవాఖానల డాక్టరు టార్చిలైటు వెలుగుల కడుపు కోస్తున్నడు, నేను వంగిన స్తంభం కొసన వేలాడుతున్న, ఒక్క చేత్తోని తీగె కలిపిన. చప్పట్లు బాగనే పడ్డయి.

ఆ దవాఖానకు జనరేటరు ఉండె. మేం పోయేసరికే నడుస్తుండె. కరెంటు ఆఫీసు పంపితే మేం పన్నెండు మందిమి పోయినం, నేనొక్కణ్ణే కాదు. ఇక స్తంభం సంగతంటరా, నాకు అప్పటికే పొట్ట వచ్చింది. నేను కింద నిలబడి తాడు పట్టుకునేటోణ్ణి. పైకి ఎక్కింది మా హెల్పరు.

అతను మహబూబాబాద్ అవతల ఒక తండా మనిషి. లంబాడ. నాకంటె ఎనిమిదేండ్లు చిన్న. ఇంట్ల మాట్లాడేది వాళ్ల భాష, మాతోని మా తెలుగు. వాళ్ల మాటల చివర ‘ఛ’ అని పడుతది. నేను దాన్ని సాగదీసి వెక్కిరించేటోణ్ణి, గ్యాంగంత నవ్వేది. అతను గూడ నవ్వేటోడు. నవ్వక ఏం జేస్తడు? నేను భూములున్న ఇంటోణ్ణి, పైగా లైన్‌మన్‌ను.

ఆ భూకంపం వచ్చిన రాష్ట్రానికి రైల్ల పడమటి దిక్కుకు పోతుంటే అడిగిండు, “అన్నా, ఆడ ఏం భాష మాట్లాడుతరు?”

“మీ తండా భాషే” అన్న. నవ్వులాటకన్న మాట అది. మా పెద్దమేస్త్రీకి చాయ్ పొలమారింది.

తీరా దిగినంక అక్కడి మనుషుల మాటల చివర గూడ ‘ఛ’ అనే పడుతున్నది. మా వచ్చీరాని ఉర్దూ సగం సగమే పనిచేసింది. అతను నీళ్లడిగితే మాత్రం కుండతోని తెచ్చిచ్చిన్రు. రెండో రోజుకల్ల ఏ వాడకు పోయినా ముందుగాల అతన్నే పంపుడు. నేను సభలల్ల ‘ఆ జనంతోని వాళ్ల భాషలనే మాట్లాడిన’ అని చెప్త గదా, గది అతని సంగతే.

ఊరు ఊరు లెక్క లేకుండె. ఒలిచిన మక్క బొండల తీరుగ గోడలు మాత్రం అక్కడక్కడ నిలబడి ఉన్నయి. గుడారాల దవాఖానకు పోయే లైను ఒక వాడ మీదికెల్లి పోవాలె. ఆ వాడ మొగన ట్రాన్స్‌ఫార్మరు, దాని కింద నులక మంచం, మంచం మీద ఒక ముసలమ్మ. ఎదురుంగ కుప్పపడ్డది ఆమె ఇల్లు. మావోడు నిచ్చెన ఎక్కుతుంటే కాలు పట్టుకొని గుంజింది. అతను దిగి ఆమె ముందర గొంతుకూసున్నడు. చానాసేపు విన్నడు.

“ఏమంటున్నదిరా?” అన్న.

“ముసలాయన లోపల ఉన్నడట అన్నా. రేపు పొద్దుగాల మిషన్ వచ్చి తీస్తదట. తీగెలు ఇంట్లకు పోయినయి గదా, కరెంటిస్తే ఆయన కాలుతడంటున్నది.”

“సచ్చినోడు మళ్లేం కాలుతడు?”

“గా మాట నువ్వే చెప్పు ఆమెకు.”

అతను ఆ ఇంటికి పోయే తీగెను కోసి, రెండు కొసలు తెచ్చి చూపెట్టిండు. ఆమెకు నమ్మకం కుదరలె. అప్పుడు ట్రాన్స్‌ఫార్మరు పెట్టె తెరిచి మూడు పింగాణి ఫ్యూజులు పీకిండు. మా పనిల స్తంభం ఎక్కేటోడు వాటిని పీకి జేబుల ఏసుకొనే ఎక్కుతడు. కిందున్నోడు సొంత అన్నైనా సరే, నమ్మడు. ఫ్యూజు తన దగ్గరుంటేనే పైన ప్రాణానికి ధైర్యం. అతను ఆ మూడింటిని తువ్వాలల మూటగట్టి ఆమె ఒడిల పెట్టిండు. ఏదో చెప్పిండు. మాకు తెలుగుల చెప్పింది గిది: ముసలాయన బయటికి వచ్చినంక నీ చేతితోనే నాకియ్యి, అందాక ఈ వాడకు కరెంటు రాదు.

ఆమె మూట మీద చెయ్యేసుకొని మంచంల ఒరిగింది. కండ్లు మూసింది. భూమి కదిలినకాడికెల్లి ఆమె నిద్రపోలేదని పక్కోళ్లు చెప్పిన్రట.

పొద్దు గుంకే యాళకు ఇంకో రాష్ట్రం గ్యాంగు అవతలి వాడల లైట్లు వెలిగించింది. కేక ఇక్కడిదాక వినపడ్డది. ఎవరో పెద్దాఫీసరు ఫొటోగ్రాఫర్‌తోని వస్తున్నడని కబురు. మావోడు నలుగురితోని కలిసి సామాన్లకు పోయి ఉండె. నాకు కడుపుల మండింది. ఇంటి తీగె కోసినం, ముసలాయనకు ఏమైతది, ఒక పూట ముందు వెనుక గదా అనుకున్న.

ఫ్యూజు లేకుంటే మేం ఆగుతమా? మన ఊళ్లల్ల ఏ పెట్టె తెరిచినా అల్యూమినం తీగె ముక్కలే కదా చుట్టి ఉంటయి. నేనూ మూడు ముక్కలు తెంపి డైరెక్ట్ చేసిన. పై స్విచ్చు ఎత్తిన.

వాడ లైట్లు వెలిగినయి. మావోళ్లు అలవాటుగ ‘కరెంటొచ్చె’ అని అరిచిన్రు. ఫొటో తీసిన్రు. మా ఇంట్ల గోడకు ఇంకా ఉన్నది అది, దాంట్ల నేను నవ్వుతున్న.

వెలుగు మొఖం మీద పడి ముసలమ్మ లేచింది. మూట విప్పి చూసుకున్నది. ఫ్యూజులు ఉన్నయి. తలెత్తి లైటు దిక్కు చూసింది. అప్పుడే మావోడు ఉరికొచ్చిండు. రెండు చేతులతోని ఆ మూటను అతనికి చాపింది. అతను తీసుకోలె.

“ఏంది అన్నా గిది” అన్నడు.

“ఆయనకేం కాదురా, తీగె కోసినం గదా.”

“ఆయనకేం కాదని నాకు ఎరుకే.”



తెల్లారి ముసలాయనను తీసిన్రు. ఆమె ఆయన అరచేతులు చూసింది, అరికాళ్లు చూసింది. మావోణ్ణి ఒక మాట అడిగింది, అతను ఒక మాట చెప్పిండు. మూట అతని కాళ్లకాడ పెట్టి పోయింది.

తిరుగు రైల్ల అడిగిన, ఏమడిగిందిరా అని. కిటికీ దిక్కే చూసుకుంట చెప్పిండు. “నువ్వు మాట తప్పినవా అని అడిగింది. ఆ వెలుగు వేరే తీగెది, నీ వాడది కాదని చెప్పిన సార్.”

ఆ రోజుకెల్లి నేను అన్నను కాదు, సారును.

అతను లైన్‌మన్ అయిండు, రిటైరయిండు, పక్షవాతం వచ్చి తండాల మంచం పట్టిండు. రెండేండ్లు. నేను పోయి చూసొచ్చిన, మందులిప్పించిన అని మా హోటల్ల చెప్పిన. ఒక్కసారి గూడ పోలె. మా ఇంటికెల్లి ఆటోల అరగంట. పోదామని అంగీ తొడుక్కొని, మళ్ల విప్పి గోడకు తగిలించిన దినాలు ఎన్నో.

భూపాలపల్లి సభల నేను మైకు దించినంక ఎవరో పక్కకు పిలిచి చెప్పిన్రు, అతను పోయి పదకొండు దినాలైందని. శాలువ మీదున్నట్టే బస్సెక్కిన.

మరునాడు తండాకు పోయిన. అతని భార్య నీళ్లిచ్చింది. నేను నిలబడే మొదలుపెట్టిన, “చెల్లే, ఆడ భూకంపం కాడ ఏమైందంటే...”

“చెప్పిండు పటేలా” అన్నది. “మాట పడిపోకముందే అంత చెప్పిండు.”

“ఏమని?”

“నువ్వొస్తవని. వచ్చినంక ఏమనొద్దన్నడు. ఆటో చప్పుడైతే తల గిట్ల వాకిలి దిక్కు తిప్పేటోడు.”

మంచం ఇంకా అక్కడనే ఉన్నది. తల వాకిలి దిక్కుకే ఉండేటట్టు వేసి ఉన్నది. ఆమె దాని మీద కూసోమన్నది. నేను కింద కూసున్న.