రెండుసార్లు తెరుచుకునే బాక్స్

మా హాస్టల్లో పెరుగు గ్లాసుతో పోస్తారు. ఫిర్యాదు చేస్తే వంటాయన నొచ్చుకోడు. "ఎండాకాలం గద సార్, జర పల్చగనే ఉంటది" అంటాడు. డిసెంబరులోనూ అదే మాట. నలభై నాలుగేళ్ళొచ్చీ అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న మనిషికి పెరుగు గురించి మాట్లాడే హక్కు ఎంతవరకు ఉందో నాకూ తెలియదు. నా గదిలో మిగతా ముగ్గురూ ఉద్యోగాలు వెతుక్కునేవాళ్ళు. నేను ఉద్యోగాలు వచ్చేట్టు పాఠాలు చెప్పేవాణ్ణి. మా నలుగురి పరిస్థితీ ఇంచుమించు ఒకటే.

నేను చెప్పేది స్ప్రెడ్‌షీట్‌లో మాక్రోలు. అంటే, మనిషి చేత్తో వందసార్లు చేసే పనిని కంప్యూటరే చేసుకునేట్టు రాసిపెట్టే నాలుగు లైన్లు. చివరి పాఠం డైలాగ్ బాక్స్. తెర మీద ఒక చిన్న బాక్స్ తెరుచుకుంటుంది, పేరు కొట్టి, జాబితాలోంచి ఊరు ఎంచుకుని, సేవ్ నొక్కితే షీటులో ఒక వరుస చేరి, బాక్స్ మూసుకుంటుంది. ఇంటర్వ్యూల్లో ఎక్కువగా అడిగేది ఇదే.

మా ల్యాబ్‌లో ఈ బాక్స్‌కు ఒక జబ్బుండేది. మొదటిసారి తెరిస్తే ఊళ్ళ జాబితా ఖాళీగా వచ్చేది. మూసి మళ్ళీ తెరిస్తే నిండుగా వచ్చేది. అది పాత వెర్షన్లో లోపం, కొత్తదాంట్లో లేదు. ఆ సంగతి కనిపెట్టడానికి నాకు రెండు ఆదివారాలు పట్టాయి. కొత్త వెర్షన్ వేయించమని మా ఇన్‌స్టిట్యూట్ యజమానిగారితో చెప్పాను.

"ఏంటండీ మీరు! స్టూడెంట్లు పనవుతుందా లేదా చూస్తారు గానీ ఎందుకవుతుందో చూస్తారా? ఏదో ఒకటి సర్దేయండి" అన్నారాయన.

సర్దేశాను. బాక్స్ తెరవమనే లైను కింద, తెరవమని ఇంకో లైను రాయించాను. ఖాళీగా వచ్చినదాన్ని మూసేయాలి, రెండోసారి వచ్చినదాన్ని నింపాలి.

ఎందుకు సార్ అని క్లాసులో ఎవరో అడిగారు. పాత వెర్షన్, లోపం, యజమానిగారు, ఇదంతా చెప్పుకోవడానికి పరువు అడ్డొచ్చింది. "దీనికి కాస్త సిగ్గెక్కువ. మొదటిసారి పిలిస్తే మాట్లాడదు" అన్నాను. క్లాసంతా నవ్వింది. నవ్వించడం నాకు బలహీనత. నవ్వించాక అసలు సంగతి చెప్పడమంటే బద్ధకం.

అమీర్‌పేటలో ఒక ఆచారం ఉంది. సారు దగ్గింది తప్ప అన్నీ రాసుకుంటారు. చేతిరాత బాగున్నవాళ్ళ నోట్సు జెరాక్స్ షాపుకు చేరి, స్పైరల్ బైండింగ్ చేయించుకుని, తర్వాతి బ్యాచ్ చేతికొస్తుంది. ఒకరోజు మెట్రో కింద షాపులో నా పాఠం నాకే ఎదురైంది. గుండ్రటి అక్షరాలతో, చుట్టూ గీత గీసి, పక్కన స్టార్ గుర్తు పెట్టి: "డైలాగ్ బాక్స్‌కు సిగ్గు ఉంటుంది. మొదటిసారి మాట్లాడదు. కనుక రెండుసార్లు తెరవాలి. ముఖ్యం." దిద్దుదామని పెన్ను తీశాను కూడా.

"కొంటవా అన్నా, ఊకె సూస్తవా?" అన్నాడు షాపతను. పెన్ను జేబులో పెట్టుకున్నాను.

ఆ నోట్సు చదువుకున్నవాళ్ళలో ఒకామె కృష్ణానగర్ నుంచి వచ్చేది. ముప్పై ఎనిమిదేళ్ళుంటాయి. సినిమాల్లో పెళ్ళిళ్ళప్పుడూ సంతల్లోనూ హీరో వెనక నిలబడే జనంలో ఆమె ఒకరు. "గిన్నేండ్లల్ల నాకొక్క డైలాగ్ ఇయ్యలే సార్. ఈడికొస్తే బాక్సే ఇచ్చిండ్రు" అని ఆ పాఠం మొదలైన రోజే నన్ను మించిన జోకు వేసింది. మోకాళ్ళు అరిగాయి, ఇక నిలబడే పని మానేయమని డాక్టరు చెప్పాడట. "కూసునే పని కావాలె సార్. కుర్సీ ఉంటే చాలు, ఫ్యాన్ లేకున్నా సరే" అనేది. నెలల తరబడి అప్లికేషన్లు పెడితే, పంజాగుట్టలో ఒక ఆఫీసు పిలిచింది. ఆ ఒక్కటే పిలిచింది.

ఇంటర్వ్యూ ముందు రోజు, ల్యాబ్ అయిపోయాక, నోట్సు పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"సార్, ఆడ సుత గిట్లనే రెండుసార్లు రాయాల్నా?"

తర్వాతి బ్యాచ్ తలుపు దగ్గర నిలబడి ఉంది. నిజం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. కానీ ఇన్నాళ్ళూ పాఠమని చెప్పింది పాఠం కాదని కూడా ఆ రెండు నిమిషాల్లోనే చెప్పాలి.

"అలాగే రాసేయండమ్మా, ఏం కాదు" అన్నాను.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడు వచ్చి, నా ఎదురుగా కూర్చుని చెప్పింది. డైలాగ్ బాక్స్ తయారు చేయమన్నారట. అరగంటలో చేసిందట, అక్షరం పొల్లుపోకుండా, నోట్సులో ఉన్నట్టే. జాబితా మొదటిసారే నిండుగా వస్తే, మంచి కంప్యూటరు కాబోలు అనుకుందట. ఆఫీసాయన వివరాలు నింపి సేవ్ నొక్కాడు. బాక్స్ మళ్ళీ తెరుచుకుంది. సేవ్ కాలేదేమోనని ఆయన మళ్ళీ నింపాడు. షీటులో ఆయన పేరు రెండుసార్లు పడింది.

"రెండుసార్లెందుకొచ్చిందమ్మా అన్నడు సార్. దానికి సిగ్గెక్కువ సార్, మొదటిసారి మాట్లాడదు అన్న. మస్తు నవ్విండ్రు. పక్క టేబులోళ్ళను పిలిచి మళ్ళ చెప్పమన్నరు. మళ్ళ చెప్పిన. నాకేం తెలుసు సార్ అది జోకని? నోట్సుల స్టార్ పెట్టి ఉండె."

డస్టరు తీసుకుని, తుడిచి ఉన్న బోర్డునే మళ్ళీ తుడిచాను.

"యాడ నేర్చుకున్నవ్, అమీర్‌పేటనా? అనడిగిండు. అవునన్న. ఫోన్ చేస్తమన్నరు."

ఫోన్ చేస్తామంటే ఏమిటో అమీర్‌పేటలో ఎవరూ నోట్సు రాసుకోనక్కర్లేదు.

ఇలాంటప్పుడు నేను మామూలుగా ఏదో ఒక జోకు వేస్తాను. వెతికాను, దొరకలేదు. మన ల్యాబ్‌లో ఉన్నది పాత వెర్షన్ అనీ, లోపం దానిదనీ, అక్కడ రెండో లైను తీసేస్తే సరిపోయేదనీ చెప్పాను. బోర్డు మీద రాసి, ఆ లైను కొట్టేసి చూపించాను. ఎప్పుడూ ఇంత వివరంగా పాఠం చెప్పలేదు.

ఆమె బోర్డు వంక కాసేపు చూసింది. రేపు జాతర సీను ఉందట, పొద్దున్నే బండి ఎక్కాలట. బ్యాగు భుజానికి తగిలించుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది.

"తెల్వక చెప్తే వేరే సార్. మీకు ఎరుకుండి చెప్పిండ్రు."