నేను గీసిన దూడ

నా చిన్నప్పుడు, ఆలూరు దగ్గర మా ఊరి గుట్ట మీద బండలకు ఎద్దుల బొమ్మలు ఉండేవి. ఏ కాలపు మనుషులో రాతితో రాతిని కొట్టి చెక్కినవి. మా పక్కింటి అక్క పాత చీరలతో బొంతలు కుట్టేది. బండ మీద పలచని తెల్లగుడ్డ పరిచి బొగ్గుతో రుద్దితే, గుడ్డ నల్లబడి, చెక్కిన గీతలు తెల్లగా తేలేవి. ఆ గుడ్డను బొంత మీద పెట్టి, గీతల వెంబడే సూది నడిపేది.

అక్కకు ఒక్కతే కూతురు, నా ఈడుదే. ఒక బండ మీది దూడ వీపున చిన్న గుంత ఉంటే, అందులో వేలు పెట్టుకుని కూర్చునేది. ఆ పిల్ల జ్వరమొచ్చి చనిపోయింది. మరుసటి ఏడు గుట్టను కంకరకు ఇచ్చారు. పేల్చే రోజు కూడా చాటింపు వేశారు. అక్క కూతురి పావడాలతో బొంత మొదలుపెట్టింది. నడుమ ఆ దూడ ఉండాలని ఆమె ఆశ. అంతలో కాలు బెణికింది.

"నువ్వు పొయ్యిరా మే. గుడ్డ కదిలించొద్దు. రేగ్గాయలు కనపడితే ఆడే కూకుంటావేమో!"

"నేనేమన్నా చిన్నపిల్లనా అక్కా!"

రేగుచెట్ల దగ్గరే కూర్చున్నాను. ఎండెక్కింది. గుట్టెక్కడానికి బద్ధకించి, దారి పక్క ఉత్త బండ మీదే గుడ్డ పరిచి, గుర్తున్నట్టు దూడ గీతల చోటు వదిలి చుట్టూ బొగ్గు రుద్దాను. అచ్చం ఆ దూడే అనుకున్నాను. మరునాడు గుట్ట పేలింది.

అక్క గుడ్డ విప్పి, దూడ వీపు మీద వేలితో తడిమింది.

"గుంత యాడమ్మే? పాప వేలు పెడుతుండెనే. నువ్వు గుట్టకు పోలేదా?"

నాకు ఏడుపొచ్చింది. "పోలేదక్కా. గుంత కుట్టేద్దాం. యాడుండాదో నాకు తెలుసు."

"తెలీదు మే," అంది మెల్లగా. "ఇంక నీకూ తెలీదు, నాకూ తెలీదు."

నన్ను కొట్టలేదు, తిట్టలేదు. బొంత చుట్టూ కుట్టి, నడుమ దూడంత చోటు వట్టిగా వదిలేసింది.

నలభై ఏళ్లకు పైగా డైరీ రాస్తున్నాను. చూడనిదీ, గుర్తులేనిదీ రాయను. ఆ చోటు వదిలేస్తాను. ఆ పిల్ల ముఖం ఎలా ఉండేదో రాద్దామని ఎన్నోసార్లు కూర్చున్నాను. గుర్తు రావడం లేదు. ఆ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.