సోమన్న గెలవాల్సిన కుస్తీ

డానియల్ ఇప్పుడు నకిరేకల్‌లో హైవే పక్కనున్న ఒక ఫంక్షన్ హాలుకు కాపలా ఉంటున్నాడు. పెళ్లికి వచ్చిన కార్లను వరుసగా పెట్టిస్తుంటే అప్పుడప్పుడు ఎవరో ఒకరు అతని భుజాలు చూసి ఆగి, జాతరల్లో కుస్తీ పట్టేవాడివి నువ్వే కదా అని అడుగుతారు. అవునంటాడు. జానీ ఎక్కడున్నాడని అడుగుతారు. చెబుతాడు. సోమన్న ఏమయ్యాడని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అలా అడగకపోవడానికి కారణం తనేనని డానియల్‌కు తెలుసు.

మీసాలు వస్తున్న వయసులో అతను హైదరాబాద్ పోయి సెంట్రింగ్ పని చేస్తూ, తెల్లవారుజామున పాతబస్తీలోని ఒక తాలీంలో కుస్తీ నేర్చుకున్నాడు. పేరు రావాల్సిన రోజుల్లో మోకాలు మొరాయించింది. తెలంగాణ వచ్చాక ఒకటి రెండేళ్లకు పెండ్లాం గ్రేస్‌ను తీసుకుని ఊరికి తిరిగి వచ్చేశాడు. అప్పటికి ప్రతి ఇంట్లో పిల్లలు టీవీకి అతుక్కుపోయి, రంగురంగుల చెడ్డీలు వేసుకున్న వస్తాదుల కుస్తీలు చూస్తున్నారు. వాటినే జాతరల్లో చూపిస్తే ఎట్లుంటుందని డానియల్‌కు తోచింది. ఇలాంటి కుస్తీలో గెలిచేదెవరో ముందే అనుకుంటారు. పడేటప్పుడు మాత్రం నిజంగానే పడాలి. ఎదుటివాడికి దెబ్బ తగలకుండా, చూసేవాడికి తగిలినట్టు అనిపించేలా పడటంలోనే ఉంది విద్యంతా.

టెంట్ హౌస్ నుంచి స్టేజీ బల్లలు కిరాయికి తెచ్చి, పైన పీచు పరుపులు పరిచి, మోకుతాళ్లకు సైకిల్ ట్యూబులు చుట్టి బరి తయారు చేశాడు. నారాయణపేటలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసే జానీ వచ్చి చేరాడు. అందగాడు, ఒంట్లో ఎముకల్లేనట్టు తాడు మీదికెక్కి దూకేవాడు. సోమన్న మాత్రం అనుకోకుండా దొరికాడు. కల్వకుర్తి మార్కెట్లో పత్తి బస్తాలు మోసే హమాలీ అతను. ఒకసారి బరి సామాను వ్యాన్‌కెక్కించడానికి కూలికి వచ్చి, ఇద్దరు పట్టాల్సిన బల్లను ఒక్కడే ఎత్తి పైన పెట్టాడు. డానియల్ ఆ వ్యాన్‌లోనే అతన్ని కూడా ఎక్కించుకుని పోయాడు.

ఇద్దరి కుస్తీ జనానికి తొందరగానే పాతబడింది. అందుకని డానియల్ ముగ్గురిని ఒకేసారి దింపాడు. ఎవరు ఎవరి భుజాలనైనా నేలకు ఆనించి, పక్కన కూర్చున్న రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా అదిమిపెడితే వాళ్లదే గెలుపు. చెప్పుకోవడానికి బాగానే ఉంది. తీరా మొదటి ఆటలో డానియల్, జానీ పెనుగులాడుతుంటే సోమన్న ఏం చెయ్యాలో తోచక తాడు పట్టుకుని మూలకు నిలబడ్డాడు. ఆయన బస్సు కోసం చూస్తున్నాడా అని ముందు వరుసలో ఒకామె అనేసరికి అందరూ పగలబడి నవ్వారు.

సోమన్నకు ఆ నవ్వు గుచ్చుకుంది. మళ్లీ కలిసినప్పుడు తను ఆలోచించింది డానియల్‌కు చెప్పాడు. ఇద్దరు కొట్టుకునేటప్పుడు మూడోవాడు బరిలో ఉండకూడదు, అలాగని జనం అతన్ని మరిచిపోనూ కూడదు. గట్టి దెబ్బ తిని బయట పడాలి. పడేది చీకటి పక్కన కాదు, ఆడవాళ్లు కూర్చున్న పక్కన. లేవబోయి జారాలి, మళ్లీ లేవబోవాలి. లోపల ఒకడు ఇంకొకడిని అదిమిపెట్టి, ఇక అయిపోయిందని జనం నమ్మిన క్షణంలో వచ్చి కాలు పట్టి లాగాలి. ముందే వస్తే అయిపోయిందని ఎవరూ నమ్మరు. ఆలస్యమైతే నిజంగానే అయిపోతుంది.

ఆ క్షణం అతనికి ఎలా తెలిసేదో డానియల్ ఎన్నోసార్లు అడిగాడు. బోర్లా పడి ఉండేవాడు కదా, లోపల జరిగేది కనిపించదు. పిల్లల ఈలలు ఆగిపోయినప్పుడు లేస్తానని చెప్పాడు సోమన్న. అంతకు మించి వివరించడం అతనికి రాలేదు.

సోమన్న, జానీ ఒక్కటై బండలాంటి డానియల్‌ను బయటకు తోసేవాళ్లు. తోశాక ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేవాళ్లు. సోమన్న చెయ్యి చాపేవాడు. జానీ ఆ చెయ్యి అందుకుంటాడా, దెబ్బ కొడతాడా అని జనం నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. జానీ తాడు మీద నుంచి దూకితే ఆ బరువంతా సోమన్న ఛాతీ మీద ఆపుకునేవాడు. జానీకి గీత కూడా పడేది కాదు. కురుమూర్తి, చెరువుగట్టు జాతరల్లో, ఊళ్లలో జరిగే ఎల్లమ్మ పండుగల్లో ఈ ముగ్గురి కుస్తీకి జనం విరగబడ్డారు. ఒకరోజు డానియల్, ఒకరోజు జానీ గెలిచేవారు. పోస్టర్ మీద వాళ్లిద్దరి బొమ్మలు వేశారు. మూడోవాడికి జాగా చాలలేదు.

రెండో ఏడు చివరలో సోమన్న ఒక మాట అడిగాడు. తమ ఊళ్లో ముత్యాలమ్మ పండుగ ఉంది, అక్కడ ఆట పెడుతున్నారు, ఆ ఒక్క రోజు తనను గెలవనివ్వమన్నాడు. ఇంటిది, బిడ్డ స్వర్ణ చూస్తారన్నాడు. డానియల్ నవ్వి, నీ ఆశ బాగుందన్నాడు.

"ఆశ కాదన్నా," అన్నాడు సోమన్న. "నేను ఎన్నడు గెలువనని జనానికి తెలిసిపోయింది. నేను ఎవన్నన్న అదిమిపెడితే కింద చూస్కుంట పల్లీలు తింటాండ్రు. ముగ్గుర్ల ఎవడన్న గెలువచ్చని అనిపియ్యాలె. లేకపోతే ఇది ఇద్దరి కుస్తే, నేను నడుమ అడ్డమున్నట్టు."

డానియల్ ఒప్పుకున్నాడు. ఆ మాటలో ఉన్న నిజం అప్పటికి అతనికి పట్టలేదు. పాపం, అడిగాడు కదా అని మాత్రమే ఒప్పుకున్నాడు.

పండుగనాడు ఊరంతా బరి చుట్టూ చేరింది. సోమన్న భార్య బిక్షమ్మ పుట్టింటి నుంచి తమ్ముళ్లను కూడా పిలిపించుకుని, స్వర్ణను పక్కన పెట్టుకుని ముందు కూర్చుంది. జానీని చూడ్డానికి బయటి ఊళ్ల కుర్రాళ్లు బండ్ల మీద వచ్చి వెనక నిలబడి అరుస్తున్నారు. వాళ్లే కాక హైదరాబాద్ నుంచి ఒక ఈవెంట్ల మనిషి కూడా వచ్చి బరి పక్కనే కుర్చీ వేసుకున్నాడు. ఆట నచ్చితే ఎండాకాలమంతా పట్నంలో ఆడిస్తానని డానియల్‌కు ఫోన్లో చెప్పి ఉన్నాడు.

ఆట అనుకున్నట్టే నడిచింది. జానీ డానియల్‌ను బయటకు విసిరాడు. జానీ అటు తిరిగి జనానికి చేతులూపుతుంటే సోమన్న వెనక నుంచి వచ్చి నడుము పట్టి కూలేసి, భుజాలు నేలకు ఆనించాడు. రిఫరీ ఒకటన్నాడు. ఊరు మొత్తం లేచి నిలబడింది. బయట పడి ఉన్న డానియల్‌కు ఈవెంట్ల మనిషి కనిపించాడు. జానీ గెంతులన్నీ ఫోన్లో పట్టుకుంటున్నవాడు, జానీ కిందపడగానే ఫోన్ దించి పక్కవాడితో ఏదో అన్నాడు. ఏమన్నాడో డానియల్ వినలేదు. రెండనే మాట వినపడేలోపు తాడు కింద నుంచి దూరి సోమన్న చీలమండ పట్టుకున్నాడు.

"ఇడిసిపెట్టు. ఇయ్యాల వద్దు," అన్నాడు మెల్లగా.

సోమన్న విదిలించుకోవచ్చు. బస్తాలు మోసే కాళ్లవి, ఒక్క తన్నుకు డానియల్ బయటపడేవాడు. కానీ సోమన్న చేతులు వదులు చేశాడు. జానీ లేచాడు. ఏం జరిగిందో అర్థంకాక ఒక్క క్షణం తడబడి, అలవాటు ప్రకారం తాడెక్కి దూకాడు. సోమన్న ఎప్పటిలాగే ఛాతీ ఇచ్చాడు. ఎప్పటికన్నా బాగా పడ్డాడు, రిఫరీ మూడు లెక్కపెట్టేశాడు. ఆ పడటం ఎంత నిజంగా ఉందంటే, సొంత ఊరివాళ్లే జానీకి చప్పట్లు కొట్టారు. డానియల్ తలెత్తి చూసేసరికి బిక్షమ్మ కూర్చున్న చోటు ఖాళీగా ఉంది.

ఆట అయిపోయాక సోమన్న బరి విప్పాడు, తాళ్లు చుట్టాడు, బల్లలు వ్యాన్‌కెక్కించాడు. పైలంగా పోండ్రి అని చెప్పి ఇంటికి నడిచిపోయాడు. తర్వాతి ఆటకు రాలేదు. ఆ పైదానికీ రాలేదు. కోపం తగ్గితే వస్తాడులే అని డానియల్ వెళ్లి పిలవలేదు. అతని జాగాలో వెంకన్న అనే యువకుణ్ని పెట్టుకున్నాడు. వెంకన్న సోమన్న కన్నా పొడుగు, కండలున్నవాడు, తెల్లగా ఉంటాడు.

పట్నంలో మొదటి ఆటలోనే తేడా తెలిసింది. బయటపడిన వెంకన్నకు పడి ఉండటమే నామోషీ అనిపించింది. వెంటనే లేచి వచ్చేవాడు. ఎవరో గెలిచేస్తున్నారని జనానికి నమ్మకం కుదిరేలోపే అడ్డం పడేవాడు. అలా రావద్దంటే రావడమే మానేశాడు. లోపల ఇద్దరూ ఆట సాగదీస్తూ అతని కోసం దిక్కులు చూడాల్సి వచ్చేది. గ్రేస్ ఒకసారి చూసి, ముగ్గురు మూడు ఆటలు ఆడుతున్నారంది. ఒకరోజు జానీ తాడు మీద నుంచి దూకితే వెంకన్న భయపడి పక్కకు జరిగాడు. జానీ మోచేయి విరిగింది. ఈవెంట్ల మనిషి ఆ వారమే ఫోన్ ఎత్తడం మానేశాడు.

మరుసటి ఏడు కరోనా వచ్చింది. జాతరలు ఆగాయి. బల్లలు టెంట్ హౌస్‌కు తిరిగి పోయాయి. జానీ ఉప్పల్ దగ్గర ఒక జిమ్‌లో చేరాడు. కాపలా పనిలో కుదురుకున్నాక డానియల్‌కు ఆలోచించడానికి కావలసినంత తీరిక దొరికింది. తమ కుస్తీ ఎందుకు నడిచిందో, ఎక్కడ ఆగిందో అప్పుడు అర్థమైంది. జానీ దూకుడు వల్లనో తన బలం వల్లనో అనుకున్నదంతా, పడి ఉన్నచోట ఓపిక పట్టిన మనిషి వల్ల నడిచింది. అర్థమయ్యాక కూడా పోవడానికి మొహం చెల్లక ఏళ్లు గడిపాడు.

పోయిన ఏడు వర్షాలు తగ్గాక సోమన్న ఊరికి వెళ్లాడు. బిక్షమ్మ గుర్తుపట్టింది. కూర్చోమని నీళ్లిచ్చింది. సోమన్న పత్తి చెలక నుంచి వచ్చాడు. జుట్టు నెరిసింది. లారీ మీద నుంచి జారిపడ్డాక ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదని, హమాలీ పని మానేశానని చెప్పాడు. ఎక్కడ విన్నాడో, జానీ మోచేయి సరిగ్గా అతికిందా అని అడిగాడు. డానియల్‌ను కూడా మోకాలు ఎట్లుందని అడిగాడు. ఫంక్షన్ హాలు ఓనరు ఏదో వేడుకకు కుస్తీ పెట్టమన్నాడని, ఈసారి నువ్వే గెలవాలని చెప్పడానికి వచ్చిన డానియల్, ఆ చెయ్యి చూశాక ఆ మాట ఎత్తనే లేదు.

బిక్షమ్మే ఆ పండుగనాటి సంగతి తెచ్చింది. "మా తమ్ముండ్లను నేనే పిలిపిచ్చిన అన్నా. మీ బావ గెలుస్తడు, చూద్దురు రాండ్రని నేనే చెప్పిన," అంది. ఆమె గొంతులో కోపం లేదు. జొన్నరొట్టెలు చేయడానికి లేచిపోయింది.

డానియల్ నేల చూస్తూ అడిగాడు. "ఆనాడు తన్నితే నేను అవుతల వడుదును. ఎందుకు ఇడిసినవు?"

సోమన్న కొంచెం ఆశ్చర్యంగా చూశాడు. "బరిల ముందు అనుకోని మాట వచ్చిందంటే ఎవలికో దెబ్బ తగిలినట్టేనని నువ్వే గదా నేర్పింది. జానీకి మెడ గిట్ల పట్టేసిందేమో, నీకు కనవడ్డదేమో అనుకున్న. బిరాన ఇడిసిన." ఎడమ భుజం ఒత్తుకున్నాడు. "ఆడు లేచి తాడెక్కినంక సమజైంది."

ఇన్నేళ్లూ డానియల్ ఏదో ఊహించుకున్నాడు. సోమన్న భయపడ్డాడనో, పెద్దవాడి మాట కాదనలేకపోయాడనో అనుకున్నాడు. ఇలా నమ్మి వదిలాడని ఒక్కసారి కూడా తట్టలేదు.

"తప్పు చేసిన సోమన్నా."

"చేసినవన్నా," అన్నాడు సోమన్న, నెమ్మదిగా.

ఆ తర్వాత ఇద్దరూ రొట్టెలు తిన్నారు. స్వర్ణ మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతోందని బిక్షమ్మ చెప్పింది. నాయిన కుస్తీ పట్టేవాడని హాస్టల్లో ఎవరికీ చెప్పదని సోమన్న అన్నాడు. ఆ మాట నవ్వుతూనే అన్నాడు. డానియల్‌కు నవ్వు రాలేదు.

ఫంక్షన్ హాలు ఓనరుకు కుస్తీ కుదరదని చెప్పేశాడు. పండుగలప్పుడు సోమన్నకు ఫోన్ చేస్తుంటాడు. సోమన్న ఎత్తుతాడు. వానల గురించి, పత్తి గురించి మాట్లాడతాడు. తనంతట తాను ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు.