చెంచాడు నూనె

మొన్న పులివెందుల నెట్ సెంటర్లో నా పింఛను కాగితాలకు ఫోటో ఎక్కించబోతే, అక్కడి అమ్మాయి "ఫోటో శానా పెద్దగుండాది తాతా, కంప్రెస్ చేయాల" అంది. ఆ మాట వింటూనే నా కుడిచేయి దానంతటదే పిడికిలి బిగించింది. మన ఈడువాళ్లకు చెప్పనక్కర లేదు, మనకు కంప్రెషన్ అంటే ఆయిలింజను హ్యాండిలే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో ప్రొద్దుటూరులో ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాను. పిస్టను గాలిని గట్టిగా నొక్కిపెడితే ఆ వేడికే డీజిలు అంటుకుంటుందనీ, హ్యాండిలు తిప్పేటప్పుడు చేతికి ఎదురుతిరిగే బిగువే కంప్రెషననీ, అది లేని ఇంజను ఉత్త ఇనుమనీ ఆయన చెప్పేవాడు.

వేముల దగ్గర మా మేనమామకు చీనీతోట, అదే బత్తాయి తోట, ఉండేది. నాలుగేళ్లు బిడ్డల్లా సాకిన చెట్లు తొలికాపు పిందె మీదుండగా, నడివేసవిలో, బావి మీది ఇంజను మొరాయించింది. అల్లుడు మెకానిక్ అయ్యాడని ఊరంతా చెప్పుకున్న మామ నాకే కబురు పెట్టాడు. వెళ్లి హ్యాండిలు పట్టుకుంటే బొంగరంలా తిరిగింది. పిస్టను చుట్టూ ఉండే రింగులు అరిగి గాలంతా జారిపోతోంది. కొత్త రింగులు తెచ్చి వేయాలి, అదీ మేస్త్రీ చేతనే. పదిమంది ముందు ఆ మాట చెప్పడానికి నాకు నామోషీ! రింగుల సందు మూసుకునేలా సిలిండరులో చెంచాడు నూనె పోసి తిప్పితే, డుగడుగమంటూ అందుకుంది. మామ నా వీపు తట్టి "మావాని చెయ్యి తగిల్తే సాలప్పా!" అని మురిసిపోయాడు. అది పూట గడిపే వైద్యమని చెప్పకుండా, వారంలో రింగులు తీసుకుని మేస్త్రీతో వద్దామనుకుని, సంకటి తిని బస్సెక్కాను. మేస్త్రీ షెడ్డులో పనుల మీద పనులు పడి పదిహేను రోజులు పోయాయి.

నేను తిరిగి వెళ్లేసరికి పిందెలన్నీ నేల మీదున్నాయి. నన్ను చూసి నేర్చుకుని మామ రోజూ పొద్దున్నే నూనె పోస్తూ వచ్చాడట. ఇంజను లేవడం కష్టమయ్యేకొద్దీ ఇంకాస్త, ఇంకాస్త పోసి, చివరికి లోటాడు పోసి, ఇద్దరు మనుషులతో జోరుగా తిప్పించాడు. గాలైతే నొక్కితే లొంగుతుంది, నూనె లొంగదు కదా. లోపల పిస్టనును ఆడించే రాడ్డు వంగిపోయింది.

"తప్పు నాదేలే నాయనా, నేనే ఎక్కువ పోసినా" అన్నాడు మామ. నేను వంగిన రాడ్డు విప్పే పనిలో పడ్డాను, పాపిష్టివాణ్ణి. కొత్త రాడ్డు వచ్చేలోగా ఎండిపోయిన చెట్లు కొట్టించి ఆయన ఆ ఏడు శెనక్కాయ వేశాడు.

ఇప్పుడు ఆ దోవలో ఎక్కడ చూసినా బోర్లు, బటన్ నొక్కితే నీళ్లు. హ్యాండిలు తిప్పే బాధ పోయింది, మంచిదే. మామ మాత్రం చనిపోయేదాకా, తెలిసీ తెలియక నూనె పోసి తోట పోగొట్టానని కొడుకులకు చెప్పుకుని బాధపడుతూనే ఉన్నాడు. చాలాసార్లు, ఆయన ఆ మాట అంటున్నప్పుడు, నేను పక్కనే కూర్చుని ఉన్నాను.