చేపల పెట్టె మీద మూడు వేళ్లు

ఇంతవరకూ నా మాట ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఇదంతా రాసే పని నాకు ఉండేది కాదు.

ముత్తుకూరులో నాకు చేపల ఆటో ఉంది. వెనక అల్యూమినియం పెట్టె. ఉప్పునీళ్లు తగిలి దాని రంగు ఏటా వానలకు పొరలు పొరలుగా లేచిపోయేది. "పొలుసులు చేపకా, నీ బండికా?" అని వీధిలో ఆడవాళ్లు అడిగేవారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

ఇలా ఉండగా రంగుల షెడ్డు ఓనరు లేజరు మిషను తెచ్చాడు. పాత రంగునూ మురికినీ జిడ్డునూ లేజరు కాల్చేసి, రేకును సన్నగా గరుకు చేస్తుందట. అప్పుడు రంగు గట్టిగా పట్టుకుంటుందట. ఆ తర్వాత మాత్రం చేయి తగలకూడదు, వెంటనే రంగు వేయాలి. ఈ మాట నాకు చెప్పింది అతనే.

మొదటి పని నా పెట్టెకే. వెలుగు గీత చిటచిటలాడుతూ పోయిన చోటల్లా రేకు తెల్లగా తేలింది. సరిగ్గా అప్పుడే ఓనరు వాళ్లమ్మ కొత్త మిషనుకు బొట్టు పెట్టడానికి వచ్చింది. నూనెలో కలిపిన కుంకుమ. మిషనుకు పెట్టగా వేళ్లకు మిగిలింది ఎక్కడో తుడవాలి కదా. ఎదురుగా నా పెట్టె కనబడింది. ఇంటి గుమ్మానికి తుడిచినట్టే మూడు వేళ్లూ బారుగా తుడిచింది.

"అమ్మా, ముట్టుకోబాక!" అని అరిచాను.

"ఏంది నాయనా, మంచి చేస్తే అట్ట అరస్తావే?"

"ఆడ మళ్లా లేజరు కొట్టబ్బా" అన్నాను ఓనరుతో.

"మాయమ్మ పెట్టిన బొట్టు కాల్చమంటావా అన్నా? నీకు తల్లి లేదా?" అని, లుంగీ అంచుతో తుడిచి నీలం రంగు కొట్టేశాడు.

వానలు వచ్చాయి. ఐసు దిమ్మలు తగిలినా పెట్టె మీద రంగు చెక్కు చెదరలేదు. మూడు వేళ్ల బారున మాత్రం ఊడింది. లేజరును నేను ఒక్క మాట అనను.

ఓనరును అడిగితే "సముద్రం గాలి గదన్నా" అన్నాడు. గాలికి వేళ్లుంటాయా? పైగా కొత్త బేరాలకు చూపించడానికి నా బండినే పిలిపిస్తాడు. మచ్చ ఉన్న ఎడమ వైపు కనబడకుండా గోడకు ఆనించి పెట్టిస్తాడు. నేను వెళ్తాను. వెళ్లకపోతే మచ్చ సంగతి వదిలేశాననుకుంటాడు. వాళ్లమ్మేమో "నా బొట్టు చలవే గదా నాయనా, రంగు నిలిచింది" అంటుంది.

ఓనరు గారూ, ఈసారి బండిని తిప్పి నిలబెడతాను. బేరానికి వచ్చినవాళ్ల ముందే మీ అమ్మగారిని ఆ మచ్చ మీద వేళ్లు పెట్టమనండి. సరిపోకపోతే నోరు మూసుకుంటాను. సరిపోతే, ఆ పక్క మళ్లీ లేజరు కొట్టి రంగు ఎప్పుడు వేస్తారు? సముద్రాన్ని మధ్యలోకి తేకుండా జవాబు చెప్పండి.